పలకోళ్ళ ఇంటి పలక

ఉల్లిపాయలు, కొత్తిమీర, పెరుగు, ఖుబ్జ్. పలక మీద నా చేతిరాత పొద్దున్న ఎంత ముద్దుగా ఉందో, రాసి కాస్త దూరంగా నిలబడి నేనే చూసుకుని మురిసిపోయాను, ఇప్పుడు అటు తల తిప్పాలంటే భయంగా ఉంది. కింది వాటా తరన్నుమ్ ఇప్పుడే మెట్లు దిగి వెళ్ళింది. నెలలు నిండుతున్న మనిషి కదా, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి దిగుతోంది, ఆ చెప్పుల చప్పుడు ఇంకా వినపడుతూనే ఉంది. ఆమె తెచ్చిన సేమియా గిన్నె నా చేతుల్లో వెచ్చగా ఉంది, పైన నేతిలో వేగిన జీడిపప్పు, మామూలు రోజైతే ఈపాటికి సగం నా నోట్లో ఉండేవి. "ఇయ్యాల మీ ఆయన మా ఆయన బదులు బోటు మీద పోయిండట గదా ఉమా. ఇప్పుడే మక్కా నుంచి ఫోన్ జేసి చెప్పిండు, మీ ఆయన కోసం గూడ దువా జేస్తుండట. మంచోడు దొరికిండు నీకు, గట్టిగ పట్టుకో" అని నవ్వి, నడుం మీద చెయ్యేసుకుని వెళ్ళిపోయింది. ఆమె భర్త ఇష్తియాక్ భాయ్ వాళ్ళమ్మని ఉమ్రాకి తీసుకెళ్ళాడు, ఆయన డ్యూటీ ఎవరో ఒకరు చూడాలి, అది నాకూ తెలుసు. అది మా ఆయనకి పడిందని, ఇవాళే పడవెక్కాలని తెలీదు. మా ఆయన చెప్పలేదు. పొద్దున్న టీ తాగుతూ, నా జడ కొస పట్టుకుని లాగుతూ, ఏమీ లేనట్టు వెళ్ళాడు. పడవెక్కనని వాళ్ళమ్మ చేతిలో చెయ్యి వేసి చెప్పిన మనిషి పడవెక్కాడు, ఆయన వెళ్ళిన గంటకే నేను ఆయన పేరు చెరిపేసి ఉల్లిపాయలు రాసుకున్నాను.

గిన్నె పొయ్యి పక్కన పెట్టాను. ఈ పొయ్యి అంటే నాకెంత ఇష్టమో, నాలుగు బర్నర్లు, చిటికేస్తే వెలుగుతుంది, మొదటి వారమంతా ఉత్తినే వెలిగించి ఆర్పి వెలిగించి ఆర్పి, మా ఆయన "గ్యాస్ కంపెనీ వాడు నీకు సన్మానం చేస్తాడే" అని ఏడిపించాడు. ఈ అరబ్బు దేశంలో నాకు ప్రతిదీ ఇష్టమే. ఏసీ రిమోట్‌కి తీయని ప్లాస్టిక్ కవరు ఇష్టం, బఖాలా కొట్టు నుంచి ఖుబ్జ్ రొట్టెలు తెచ్చిచ్చే మలబారు ఆయన అక్కా అన్నట్టు "చేచీ" అని పిలవడం ఇష్టం, ఆ ఖుబ్జ్ పొట్టలోంచి వచ్చే ఆవిరి ఇష్టం, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు మీద నా ఫొటో ఎవరో దొంగలా ఉన్నా అదీ ఇష్టమే. కిటికీ తెరిస్తే దూరంగా ప్లాంటుల పొగగొట్టాల మీద మంటలు, రాత్రిపూట అవి దీపావళిలా ఉంటాయి, పగలు మాత్రం ఎవరో మరిచిపోయి వెళ్ళిన దీపాల్లా ఉంటాయి. ఇప్పుడు కిటికీ బయట ఆ మంటలు కనపడటం లేదు. మధ్యాహ్నం దాకా నీలంగా ఉన్న ఆకాశం పసుపు నీళ్ళ రంగుకి తిరిగింది. గుబార్. దుమ్ము. ఉత్తరపు గాలి లేస్తే ఇలాగే ఉంటుందని, కిటికీ సందుల్లో తడి బట్టలు పెట్టుకోమని తరన్నుమే నేర్పింది. ఎండ వాలే వేళ అసర్ నమాజు పిలుపు అయి ఎంతసేపయింది? ఫోన్ చేస్తే ఒకావిడ అరబ్బీలో ఏదో చెబుతుంది, తర్వాత ఇంగ్లీషులో అదే చెబుతుంది, మళ్ళీ చేస్తే మళ్ళీ అదే ఆవిడ, అదే మర్యాద.

ఎక్కడికెళ్ళాడో నాకు తెలుసు, అంటే ఇష్తియాక్ భాయ్ ఒకసారి భోజనానికి వచ్చినప్పుడు చెప్పాడు. ప్లాంటులోకి సముద్రపు నీళ్ళు లాగే చోట, ఒడ్డుకి దూరంగా, తేలే బోయాలు ఉంటాయట, వాటి మీద మీటర్లు, అప్పుడప్పుడూ చిన్న పడవ మీద వెళ్ళి చూసి రావాలి. అప్పుడు మా ఆయన కూర కలుపుకోవడం ఆపి, "కుదుపుతుందా భాయ్?" అని అడిగాడు. ఇష్తియాక్ భాయ్ నవ్వి, ఉయ్యాలలాగ ఉంటుందన్నాడు. నేను ఆ మాటకి మా ఆయన మొహం చూశాను. ఊళ్ళో వాళ్ళింటి నుంచి సముద్రం నాలుగు అంగలు, చిన్నప్పుడు ఈయన కెరటం మోకాళ్ళు దాటితే వెనక్కి పరిగెత్తేవాడట. పెళ్ళయిన మూడో రోజు నన్ను ఇసకలో నడిపిస్తూ, నేను నీళ్ళలోకి లాగుతుంటే నవ్వుతూనే ఒక్క అడుగు కూడా వేయలేదు. నేను గోదారి దాన్ని, నాకు నీళ్ళంటే ఆట. మా తాత లాంచీలు రాకముందు తెరచాప పడవ నడిపినవాడు, కలపా ధాన్యం రేవు నుంచి రేవుకి వేసేవాడు. పడవలో అడ్డంగా వేసిన బల్లని ఆయన పలక అనేవాడు, చుక్కాని పట్టుకునేవాడు కూర్చునేది, దాని మీద వేరేవాళ్ళు కూర్చుంటే ఊరుకునేవాడు కాదు, నేను తప్ప. అందుకే సంబంధం వచ్చినప్పుడు ఆ ఇంటిని పలకోళ్ళు అంటారని చెప్పగానే నాకు నవ్వూ సంబరమూ వచ్చేశాయి, ఇదేదో మా తాత సీటు నాకోసం దాచిపెట్టి ఉంచినట్టు.

ఎమ్మే తెలుగు చదివినదాన్ని, ఊరుకుంటానా. పెళ్ళిచూపుల్లోనే అడిగేశాను, పలకోళ్ళు అని ఎందుకంటారని. ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్పారు. మేనమామ ఏమో ఆ పేటలో మొదట పలక పట్టుకుని బడికెళ్ళింది తమ ముత్తాతేనని, అది గొప్పగా చెప్పాడు. పక్కింటి ముసలాయన, బడా పాడా, వీళ్ళు పడవలకి పలకలు కోసి, వంచి, బిగించే పని చేసేవాళ్ళు, అందుకే పలకోళ్ళు, అన్నాడు. మా అత్తయ్య రెండూ కాదంది. "ఏటీ కాదు. పెద్ద గాలివానకి పడవలన్నీ పోతే ఒకడు పలక ముక్కట్టుకుని రెండ్రోజులు తేలి ఒడ్డుకొచ్చేడు. ఆడి పిల్లలే ఈళ్ళు. ఒడ్డుకొచ్చినోళ్ళు పలకోళ్ళు, రానోళ్ళకి పేరేటుంటాది?" అంది, వక్క నములుతూ, ఏదో కూరగాయల సంగతి చెప్పినట్టు. కాలేజీలో మా లెక్చరరు గారు ఫలకం నుంచి పలక వచ్చిందని, చెక్క బల్లయినా రాతి బల్లయినా చదునుగా ఉన్నదల్లా పలకేనని బోర్డు మీద రాసి చూపించారు. చదునుగా ఉన్నది, దాని మీద మనిషి కూర్చోవచ్చు, అక్షరం కూర్చోవచ్చు. నాకప్పుడు ఎంత నచ్చిందో ఆ మాట, నోట్సులో చుట్టూ పువ్వులు గీసుకున్నాను. చదునైన దాని మీద నుంచి ఏదైనా జారిపోతుందని ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ ఇంటి ఆచారం పెళ్ళయిన మర్నాడు తెలిసింది. మగవాడు పడవెక్కేటప్పుడు గడప దాటకముందే ఇంటి ఆడది పలక మీద బలపంతో అతని పేరు రాయాలి. పలక గుమ్మం పక్కన మేకుకి వేలాడుతుంది. తిరిగొచ్చినవాడు కాళ్ళు కూడా కడుక్కోకుండా, ఒంటి మీద సముద్రం తడి ఆరకుండా, తన అరచేత్తో తనే తన పేరు చెరిపేసుకోవాలి. వేరే చెయ్యి తగలకూడదు. వెళ్ళాక రాయకూడదు, రాకముందు చెరపకూడదు, అంతే, రెండే మాటలు, మా అత్తయ్య వేళ్ళు మడిచి చెప్పింది. ఆవిడకి చదువు లేదు. కాపరానికొచ్చాక మామయ్య పేరు కోసమని ఆ నాలుగు అక్షరాలూ దిద్దించారట, అమ్మిరాజు, అవి తప్ప ఇంకేమీ రాయలేదు, చదవలేదు. మా ఆయన బళ్ళో చేరిన ఏడాది మామయ్య వెళ్ళిన పడవ రెండు ముక్కలై ఒడ్డుకి వచ్చింది, మామయ్య రాలేదు. పలక మీద పేరు ఉండిపోయింది. చెరపాల్సిన చెయ్యి రాలేదు కాబట్టి ఎవరూ చెరపలేదు. బలపం రాత ఎంతకాలం ఉంటుంది, గాలికి రాలుతుంది, ఉప్పుతేమకి కరుగుతుంది, పల్చబడినప్పుడల్లా ఆవిడ దాని మీదే మళ్ళీ దిద్దింది. బలపం అరిగిపోతే మేకుతో. దిద్ది దిద్ది రాయి లోపలికి దిగిపోయింది పేరు. ఆవిడ బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు, పేటలో ఎవరూ తీయమనలేదు. పేరుండగా ఎవరు అడుగుతారు.

అలాంటి పలక నాకిచ్చింది. మా సూట్‌కేసులో, ఆవకాయ డబ్బాకీ నా పట్టుచీరకీ మధ్య, మామయ్య పాత లుంగీలో చుట్టి పెట్టింది. "నా కాడుంటే దిద్దతానే ఉంటానే. ఇక నువ్వు సూసుకో" అంది. మా ఆయన అక్కర్లేదమ్మా అన్నాడు, నేనే తెస్తానన్నాను, నాకు అన్నీ సంబరమే కదా. ఇక్కడికొచ్చాక వంటింటి గుమ్మం పక్కన మేకు కొట్టించి తగిలించాను. ఆట మొదలుపెట్టింది నేనే. ఆయన డ్యూటీకి వెళ్ళేది ఏసీ బస్సులో, హెల్మెట్ పెట్టుకుని, పడవా లేదు పాడూ లేదు, అయినా పొద్దున్నే ఆయన బూట్లు వేసుకుంటుంటే ఉదయకిరణ్ అని రాసేదాన్ని. సాయంత్రం రాగానే ఆయన కుళాయి కింద చెయ్యి తడిపి, చర్రున చెరిపి, మిగిలిన నీళ్ళు నా మొహాన చిలకరించేవాడు, నేను కెవ్వుమనేదాన్ని, కింద తరన్నుమ్ చీపురు కర్రతో సీలింగు మీద టక్ టక్ కొట్టేది. ఇలాంటి ఆట ప్రపంచంలో ఇంకెవరింట్లో ఉంటుంది అని అనుకునేదాన్ని. కానీ ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. తడిచేత్తో చెరిపినప్పుడు పలక నల్లగా, నున్నగా, కొత్తదానిలా మెరుస్తుంది. ఆరుతున్న కొద్దీ లోపలి నుంచి తెల్లగా ఒక గీత వస్తుంది. తర్వాత ఇంకోటి. గాట్లలో ఇరుక్కున్న పాత బలపం పొడి. ముందు అ, తర్వాత రా దీర్ఘం, తర్వాత జు తోక. మేం అన్నం తింటుండగా గోడ మీద ఆయన మెల్లగా వస్తాడు. నేను పొయ్యి వైపు తిరిగి ఉన్నా తెలుస్తుంది, వీపుకి తెలుస్తుంది, ఎవరో గుమ్మంలో తడిసి నిలబడి, లోపలికి రమ్మంటారా అని అడగకుండా నిలబడినట్టు.

ఇవాళ పొద్దున్న బఖాలాకి ఫోన్ చేయాలి, ఏమేం కావాలో మర్చిపోతాను, పలక ఎదురుగా ఉంది. పేరు చెరిపేటప్పుడు ఒక్క క్షణం ఆగాను. ఆగిన మాట నిజం. బస్సులో వెళ్ళేవాడికి ఏం ఆచారం, అనుకున్నాను, చీర కొంగుతో తుడిచేశాను. తడి కూడా చేయలేదు. పొడిగా. కొంగుకి ఇంకా తెల్లగా అంటుకుని ఉంది ఆయన పేరు, దులపలేదు, దులపబుద్ధి కావడం లేదు, పమిట మడత విప్పి చూస్తున్నాను, ఎంత కొంచెం పొడి, ఒక మనిషి పేరంతా కలిపితే చిటికెడు కూడా లేదు.

బలపం చేతిలోకి తీసుకున్నాను. ఇప్పుడు రాస్తే? ఉల్లిపాయల పక్కన చోటుంది. ఎవరు చూడొచ్చారు. కానీ వెళ్ళాక రాయడం అంటే ఏమిటో నాకు తెలుసు, అది రాయడం కాదు, దిద్దడం. గడప దాటకముందు రాసిన పేరు వచ్చేవాడి కోసం. తర్వాత రాసేది ఇంట్లో ఉన్నవాళ్ళ కోసం. ఒక్కసారి దిద్దితే మళ్ళీ దిద్దాలి, పల్చబడిన ప్రతిసారీ, వేళ్ళు వంకర్లు పోయేదాకా. మా అత్తయ్య కుడిచేతి చూపుడువేలు పక్కకి తిరిగి ఉంటుంది, పెళ్ళిలో నా తలమీద అక్షింతలు వేస్తున్నప్పుడు చూసి, ఏదో పాత దెబ్బ అనుకున్నాను. బలపం పళ్ళెంలో పెట్టేశాను. మళ్ళీ తీశాను. కిటికీ అద్దం మీద ఇసక సన్నగా చిటపటలాడుతోంది, చినుకులని చెవి మోసపోతుంది, ఊళ్ళో తాటాకు మీద వాన మొదలయ్యేటప్పుడు ఇదే చప్పుడు. ఇంత దుమ్ములో సముద్రం ఎలా ఉంటుంది? నీళ్ళూ ఆకాశమూ ఒకే పసుపు అయిపోతాయా, బోయా ఎటుందో, ఒడ్డు ఎటుందో ఎలా తెలుస్తుంది? పడవలో ఈజిప్టు వాడో బంగ్లా వాడో ఎవరుంటారు, మా ఆయనకి ఈత రాదని వాళ్ళకి చెప్పాడా? సిగ్గుపడి చెప్పి ఉండడు. పలకోళ్ళ పిల్లాడికి ఈత రాదని నాతో కూడా పెళ్ళయిన రెండు వారాలకి గానీ చెప్పలేదు, చెప్పి, దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు. నేను నవ్వీ నవ్వీ చచ్చాను ఆ రోజు.

ఫోన్ మోగింది. ఆయన కాదు. మా అత్తయ్య, వీడియో. అక్కడ దీపం పెట్టే వేళ, ఇక్కడ ఇంకా ఎండ ఉండాల్సిన వేళ. రోజూ దీపం పెట్టాక చేస్తుంది, నేను మర్చిపోయాను. ఎత్తకపోతే మళ్ళీ చేస్తుంది. ఎత్తాను. తెర నిండా ఆవిడ చెవి. "అత్తయ్యా, మొహం ముందు పెట్టుకోండి" అన్నాను, నా గొంతు మామూలుగా ఉండటం చూసి నేనే ఆశ్చర్యపోయాను.

"ఏడే ఈడు?"

"డ్యూటీలో ఉన్నారండి."

"మీ కాడ ఎలుతురేటి అలాగుంది, పసుపు బట్ట కట్టినట్టు?"

"దుమ్మండి. గాలి లేచింది."

గాలి అన్న మాట ఆ ఇంట్లో ఊరికే అనకూడదు, నోరు జారాను. దీపం వెలుగు ఆవిడ ముక్కుపుడక మీద ఆగి ఉంది. "పలక సూపించు" అంది.

రోజూ అడగదు. ఎప్పుడో ఒకసారి, మామయ్యని చూసుకోవాలనిపించినప్పుడు అడుగుతుంది. రోజూ ఆయన పేరు రాసే మా ఆట సంగతి ఆవిడకీ తెలుసు. నేను లేవలేదు. సిగ్నల్ లేదని చెప్పి పెట్టేయొచ్చు. కానీ ఆ కళ్ళ ముందు అబద్ధం ఆడటం కంటే లేవడం తేలికనిపించింది. ఫోన్ పలకకేసి తిప్పాను. నడుస్తూ తిప్పాను కాబట్టి ఆవిడకి పలక కెరటం మీద ఊగినట్టు కనపడి ఉంటుంది. ఉల్లిపాయలు, కొత్తిమీర, పెరుగు, ఖుబ్జ్. అడుగున మామయ్య. ఆవిడ ఊపిరి వినపడుతోంది. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బావుండునని ఎదురుచూశాను.

"ఆఁ, ఉ కనపడిందిలే. ఆడి పేరే" అంది. "ఇంత పొడుగ్గా రాసేవేటే? నాలుగు వరసలు. సదూకున్నోళ్ళతో ఇదే, పేరుకి కూడా తోకలెడతారు." నవ్వింది. "ఇయాల ఎందుకో సూడాలనిపించింది. సరే, ఆడొచ్చేక ఫోను సేయించు." పెట్టేసింది.

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఉల్లిపాయల్ని కొడుకు అనుకుని నిశ్చింతగా వెళ్ళిపోయింది ఆవిడ. నవ్వొచ్చింది. నిజంగానే నవ్వొచ్చింది, పైకే నవ్వాను, ఖాళీ వంటింట్లో నా నవ్వు నాకే వేరేవాళ్ళదిలా వినపడి ఆగిపోయాను. ఉ ఆవిడకి ఎలా తెలుసు? ఓ, అవును. సూట్‌కేసు సర్దుకుంటున్న రోజు, ఆవిడ అటుకులు వేయిస్తుంటే బలపం పట్టుకుని పక్కన చేరాను, ఎమ్మే తెలుగుకి ఇంతకంటే పనేముంది. మీకు మ వచ్చు కదా అత్తయ్యా, ఇంకొక్క అక్షరం నేర్చుకుంటే నా పేరు రాసేయొచ్చు, అన్నాను. ఆవిడ చెయ్యి పట్టుకుని నేల మీద ఉ రాయించాను, మీ అబ్బాయి పేరూ దీంతోనే మొదలవుతుందన్నాను. "గేలంలాగుంది. దీన్తో సేపల్ని పట్టొచ్చు గానీ పేరేటి రాత్తాం" అంది. "నాకెందుకే ఈ వయసులో. నువ్వేమన్నా పడవెక్కుతావేటి?" అంది. అటుకులు మాడాయి. ఆ మాడు వాసన ఇప్పుడు ఇక్కడ, ఈ దుమ్ము వాసనలో, ఎలా వస్తోంది.

పలక ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుని చూస్తున్నాను. ఇంత సేపు ఎప్పుడూ చూడలేదు దాన్ని. మామయ్య ఫొటో ఒక్కటే చూశాను, మేకప్ వేసిన పెళ్ళికొడుకులా రంగులు దిద్దిన ఫొటో, కనుబొమలు మా ఆయనవే, మధ్యలో కలిసిపోయి ఉంటాయి. మా ఆయన నిద్రలో ఆ కనుబొమలు ముడేస్తాడు. అప్పుడు నాకు ఆయన ఆయనలా అనిపించడు, ఆ ఫొటోలో మనిషి నా పక్కన పడుకుని నీళ్ళలోంచి ఎవర్నో వింటున్నట్టు ఉంటుంది. నేను ఆ ముడి వేలితో సవరిస్తాను, ఆయన నిద్రలోనే నవ్వి మళ్ళీ ఆయన అయిపోతాడు. మామయ్యా, ఒక్కమాట. నేను మిమ్మల్ని ఎప్పుడూ పలకరించలేదు, కొత్తదాన్ని. మీ పేరు మీద రోజూ మీ అబ్బాయి పేరు రాశాను, బరువనిపించిందేమో. ఇవాళ ఉల్లిపాయలు రాశాను, కోపమొచ్చిందేమో. మీ పేరు చెరపడానికి చెయ్యి కావాలి, తడిచెయ్యి కావాలి, అది నాకు అర్థమయింది. కానీ మీ అబ్బాయి చెయ్యి మాత్రం వద్దు. ఆ చెయ్యి నా జడ లాగే చెయ్యి. దాన్ని అక్కడికి రానీయకండి. ఇంకేదైనా అడగండి. ఇలా మాట్లాడుతున్నానా, అనుకుంటున్నానా? పెదాలు కదులుతున్నాయి. ఇసక చిటపటలు ఆగిపోయాయి, ఎప్పుడు ఆగాయో. మసీదు మైకు దుమ్ములో తడిసినట్టు బొంగురుగా సూర్యాస్తమయపు మగ్రిబ్ పిలుపు మొదలుపెట్టింది. ఆయన బస్సు రావాల్సిన వేళ దాటి ఎంతసేపయింది, గోడ గడియారం వైపు చూడను, చూడను.

బలపం చేతిలోనే ఉంది. వేళ్ళకి చెమట పట్టి జారుతోంది. లేచాను. పలక దగ్గర నిలబడ్డాను. రాయాలా? ఉ రాయడానికి ఎంతసేపు, గేలం అంతసేపు. బలపం మొన రాయికి ఆనించాను, కీచుమంది. ఒక చుక్క పడింది, చుక్క అంతే. వెళ్ళాక రాయకూడదు. రాయను, నేను దిద్దేదాన్ని కాను. మామయ్యా నేను దిద్దను. బలపాన్ని సింకులో పడేశాను, రెండు ముక్కలైంది. అప్పుడే తలుపులో తాళం తిరిగింది.

ముందు దుమ్ము వచ్చింది, తర్వాత ఆయన. హెల్మెట్ చంకలో ఉంది. చొక్కా తడిసి ఒంటి మీదే ఆరిపోయి అట్ట కట్టింది. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. నేను వెళ్ళి మీద పడలేదు. "తరన్నుమ్ చెప్పింది" అని మాత్రం అనగలిగాను.

"అనుకున్నా. ఆ ఇంట్లో రహస్యం గోడలకి ఆగుతుందా" అన్నాడు, నవ్వబోయి, పెదవి మండి ఆగిపోయాడు. "ఫోన్ నీళ్ళలో పడిపోయింది ఉమా. దుమ్ములో ఒడ్డు కనపళ్ళేదు, ఇంజను ఆపేసి కూర్చున్నాం. ఆ బంగ్లా కుర్రాడు గట్టిగా ఖురాన్ చదువుతున్నాడు. నేను అడ్డబల్ల పట్టుకుని కూర్చున్నా. వదల్లేదు దాన్ని. గోళ్ళు చూడు." గోళ్ళ కింద పచ్చ రంగు పెచ్చులు ఉన్నాయి, పడవ రంగు.

"చెప్పి వెళ్ళొచ్చుగా."

"చెబితే రాస్తావు కదా. ఆటకి కాకుండా నిజంగా రాస్తావు. అది చూసి గడప దాటలేను."

ఆయన అలవాటుగా పలక వైపు తిరిగాడు. కాళ్ళు కడుక్కోలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళలేదు, చొక్కా అంచు ఇంకా తడిగా ఉంది, దాన్ని పిండి అరచెయ్యి తడిచేసుకున్నాడు. అప్పుడు చూశాడు. "ఇదేంటే, నేను ఉల్లిపాయలైపోయానా?" అన్నాడు. నేను చెప్పాను, కొంగు చూపించాను, ఏడుపు అప్పుడొచ్చింది, ఇందాకటి నుంచి ఎక్కడ దాక్కుందో. ఆయన నా కొంగు కొస పట్టుకుని, ఆ పొడి మీద తడి చెయ్యి వేసి రుద్దాడు, బాగా రుద్దాడు, చీర రంగు కనపడేదాకా. "ఇదిగో, చెరిపేశాను. నా చేత్తోనే. సరిపోయిందా?" అన్నాడు. సరిపోయింది. తర్వాత ఉల్లిపాయల్నీ కొత్తిమీరనీ కూడా చెరిపేశాడు. పలక నల్లగా మెరిసింది. ఇద్దరం నిలబడే ఉన్నాం. ఆరడం మొదలైంది, ముందు అ వచ్చింది, ఆయన కూడా చూస్తున్నాడు, ఆయనకీ తెలుసునని అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్ళూ అన్నం తింటూ తనూ వీపుతో చూస్తూనే ఉన్నాడని. అమ్మిరాజు. ఆయన చెయ్యి పైకి లేచింది. పేరు దాకా వెళ్ళి, తాకకుండా, కిందకి వచ్చింది.

నా ఫోన్‌లో వాళ్ళమ్మకి చేశాడు. మొహం కడుక్కోమన్నాను, వినలేదు. చెవి వచ్చింది, తర్వాత మొహం వచ్చింది. ఆవిడ కొడుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"కనుబొమల మీద ఉప్పుందిరా" అంది.

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. ఎక్కడో కుక్క మొరిగింది, ఆవిడ వెనకాల కెరటం చప్పుడు వచ్చి పోయింది, రోజూ ఉండే చప్పుడే. "సెరిపేవా?" అంది చివరికి. చెరిపానమ్మా అన్నాడు. "సెయ్యి సూపించు." అరచెయ్యి తెర నిండా పెట్టాడు. ఆవిడ వంకర వేలు ముందుకొచ్చి తెర మీద ఆగింది, అటు నుంచి. ఆ తర్వాత, "కోడల్ని పిలు" అంది.

ఫోన్ నా చేతికి వచ్చింది. ఆవిడ లేచి నడుస్తోంది, తెరలో నేల, ఆవిడ పాదాలు, గడప, ఆ ఇంటి వీధి తలుపు. తిరిగొచ్చిన మామయ్య పడవ రెండు ముక్కలతో చేయించిన తలుపు అది, పాత మేకుల చిల్లులు అలాగే ఉంటాయి, కాపరానికి వెళ్ళిన రోజు దాని మీద చెయ్యి వేసి మా తాత పడవని తలుచుకున్నాను. దీపం దగ్గరగా పట్టుకుంది. తలుపు బల్ల మీద సుద్దతో, పిల్లలు రాసినట్టు, వంకరగా, పెద్దగా, ఒక గేలం, దాని పక్కన ఆవిడకి మామయ్య పేరుతో వచ్చిన మ. సుద్ద కొంచెం పల్చబడి ఉంది. మేం విమానం ఎక్కిన రోజుదై ఉంటుంది.

"సముద్రం దాటేవు కదే, నువ్వూ" అంది ఆవిడ గొంతు, మొహం కనపడకుండా. "ఆడి సంగతి నువ్వు సూసుకుంటావని ఒగ్గేసేను. నీకెవరు రాత్తారు? పలక నీ కాడుంది, దీని మీద రాసేను. వానొచ్చినప్పుడల్లా గోనె కడతన్నాను."

నేను కాళ్ళ కింద నేల చూసుకున్నాను, తెల్ల టైల్స్, నేనే పొద్దున్న తుడిచినవి. అవి మెల్లగా, ఎంతో మెల్లగా కదిలినట్టు అనిపించింది, మా ఆయన భుజం పట్టుకున్నాను.

"దిద్దకండి అత్తయ్యా" అన్నాను. "వచ్చి చెరుపుతాను."